మీ సెలవు అందరి సెలవే

మెదక్ చర్చికి నేను మొదటిసారి వెళ్లింది ఒక క్రిస్మస్ రోజున. వెళ్లానని చెప్పగలను గానీ చూశానని చెప్పలేను. కూకట్‌పల్లిలో ఎనిమిదింటికి బయలుదేరాం. నేను, మా ఆవిడ, అత్తగారు, అయిదేళ్ల పాప. ఊరు ఇంకా రానేలేదు, కార్లు ఆగిపోయాయి. ఎవరిదో పొలంలో కారు పెట్టించి, చేతిలో చీటీ పెట్టారు. అక్కడి నుంచి నడక. చర్చి ఆవరణలో చెట్టుకో సంసారం. చాపలు, పొయ్యిలు, నీళ్ల బిందెలు, కొమ్మకు కట్టిన చీర ఉయ్యాలలు. అత్తగారు కాస్త నీడ చూసుకొని, "నేనిక్కడే ఉంటా నాయనా, మీరు వెళ్లి రండి" అని కూలబడ్డారు. మేం వరసలో నిలబడి గుమ్మం చేరేసరికి మధ్యాహ్నం దాటింది. లోపల మేం నడిచిందేమీ లేదు, వెనక జనమే మమ్మల్ని నడిపించారు. నా కళ్లకు ఆనింది ముందున్న మనిషి చొక్కా కాలరు. నా భుజాల మీదున్న పాప మాత్రం, "నాన్నా, అద్దంలో బొమ్మ! మబ్బుల మీద ఒకాయన నిలబడ్డాడు" అంది. నేను తల ఎత్తేలోపు బయటికొచ్చి పడ్డాం.

ఇంటికొచ్చాక ఆ బొమ్మ ఎలా ఉందో పాపను అడిగి చెప్పించుకున్నాను. వంద కిలోమీటర్లు వెళ్లి, వంద కిలోమీటర్లు తిరిగొచ్చి, అయిదేళ్ల పిల్ల నోట విన్నాను. ఆ కాలరు మీ కళ్లకు అడ్డం పడకూడదని ఈ అధ్యాయం రాస్తున్నాను.

తిరుగు ప్రయాణంలో నేను చేసింది అందరూ చేసేదే. జనాన్ని తిట్టుకున్నాను. "ఇంతమంది ఎందుకొస్తారో!" అన్నాను. వెనక సీట్లోంచి అత్తగారు, "మనం వచ్చాంగా" అన్నారు. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. గుంపు అంటే మనం తప్ప మిగతావాళ్లని కదా మన లెక్క! ఆ రోజు అక్కడున్నవాళ్లలో చాలామంది మాకంటే పెద్ద పని మీద వచ్చారు. తెల్లవారుజామున నాలుగున్నరకు మొదలయ్యే తొలి ఆరాధన అందుకోవడానికి ముందు రాత్రే వచ్చి, చలిలో ఆరుబయట పడుకున్నవాళ్లు. మొక్కు తీర్చుకునేవాళ్లు. చంటిబిడ్డను దేవుడి సన్నిధికి తెచ్చినవాళ్లు. ఊరికే చూసిపోదామని వచ్చింది మేము. అదనపు మనుషులంటూ ఎవరైనా ఉంటే, అది మా నలుగురమే.

అందుకని ఏ పాత చర్చికైనా తేదీ అనుకునే ముందు మిమ్మల్ని మీరు అడగాల్సింది ఒక్కటే. నేను ఎందుకు వెళ్తున్నాను? పండగలో కలవడానికా, ఆరాధనలో కూర్చోవడానికా, కట్టడాన్ని చూడటానికా? పండగ కావాలంటే మెదక్‌కు డిసెంబరు 25నే వెళ్లండి, ఈ అధ్యాయం మీకు అక్కర్లేదు. ఆ రోజు అక్కడ జనమే పండగ. జనాన్ని తీసేస్తే పండగలో మిగిలేదేమీ ఉండదు. ఆరాధన కావాలంటే ఆదివారం వెళ్లండి, చెప్పులు విప్పి, వెనక బల్ల మీద కూర్చొని, చివరి ఆశీర్వాదం దాకా ఉండండి. కట్టడమే కావాలంటే మాత్రం ఆ రెండు రోజులూ మీవి కావు. ఒకే రోజున మూడూ కావాలనుకున్న మాబోటివాళ్లకు మూడూ దక్కలేదు.

ఇంతకీ అంత చూడాల్సింది ఏముందక్కడ?

చార్లెస్ వాకర్ పోస్నెట్ అనే ఇంగ్లండు మిషనరీ ఈ చర్చి కట్టించాడు. వెస్లియన్ మెథడిస్టు సంఘం మనిషి. పని 1914లో మొదలైంది, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. మధ్యలో పదేళ్లు. బయట మొదటి ప్రపంచ యుద్ధం, ఇక్కడ కరువు. ఆకలితో వచ్చినవాళ్లకు ఊరికే గంజి పోయడం కాకుండా పని చూపించి, ఆ పనికి తిండి పెట్టి, ఆ చేతులతోనే ఈ రాళ్లను పైకి లేపించాడని మెదక్ పల్లెల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. మెతుకుసీమ అని పేరున్న నేల మీద మెతుకు కోసం కట్టిన గుడి ఇది. పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గంటగోపురం ఎత్తు 175 అడుగులు. గాతిక్ పద్ధతి కట్టడం, అంటే కొనదేలిన కమానులు, ఆకాశానికి ఎగబాకినట్టుండే గీతలు. లోపల దాదాపు 5,000 మంది పడతారు.

ఆ ఆఖరి అంకె దగ్గర కాసేపు ఆగండి. జనం కోసమే కట్టిన చోటు ఇది. అయిదు వేల మంది పట్టే హాల్లో మీతో కలిపి పదిమందే ఉంటే, అది ఆ కట్టడానికి మామూలు స్థితి కాదు. దాని విరామ సమయంలో మీరు లోపలికి వెళ్లారన్నమాట. ఆ విరామం ఎప్పుడో కనిపెట్టడమే మీ పని.

చార్మినార్ కంటే ఎత్తుగా కట్టారని నిజాం ప్రభువుకు కోపం వచ్చిందనీ, ఆసియాలోకెల్లా ఇదే పెద్దదనీ అక్కడ చాలా మాటలు వినిపిస్తాయి. వినడానికి బావుంటాయి, వినండి. కొలతల పోటీలో పడి అద్దాలు చూడటం మాత్రం మర్చిపోకండి.

జనం లేకపోతే చాలదు

రెండోసారి తెలివిగా వెళ్లాననుకున్నాను. ఆగస్టు నెల, బుధవారం. ఏదో పని మీద ఆ వైపు వెళ్లి, సాయంత్రం అయిదున్నరకు చర్చి దగ్గర దిగాను. ఆవరణలో పిట్ట మనిషి లేడు. లోపల ఇద్దరో ముగ్గురో. ఆహా అనుకొని బలిపీఠం దాకా నడిచి తల ఎత్తాను. అద్దం నల్లగా, బడిపిల్లల పలకలా ఉంది. బయట ముసురు. కిటికీలో ఏదో ఆకారం ఉందని తెలుస్తోంది, ఎవరో తెలియడం లేదు.

ఊడ్చే చీపురు పక్కన పెట్టి ఒక పెద్దాయన దగ్గరికొచ్చాడు.

"మొగులైంది గద సారూ. ఎండ లేకుంటే అద్దం పలకది. పొద్దుగాల రాకపోయిన్రా?"

"జనం ఉండరని ఇప్పుడొచ్చాను పెద్దాయనా."

"జనం లేరు, ఎండ గూడ లేదు" అని నవ్వాడు.

మెదక్ అద్దాల రహస్యం ఆయన మాటలోనే ఉంది. రంగుటద్దాల కిటికీ గోడకు వేసిన బొమ్మ లాంటిది కాదు. గోడ బొమ్మ మీద దీపం వేస్తే కనిపిస్తుంది. రంగుటద్దానికి వెలుగు అవతలి నుంచి రావాలి, చూసేవాడు ఇవతల ఉండాలి. పొద్దు గుంకిందంటే లోపల ఎన్ని బల్బులు వేసినా బొమ్మ కనపడదు. మబ్బు పడితే సగం చస్తుంది. సూర్యుడు తిరిగేకొద్దీ వెలుగు ఒక కిటికీ నుంచి ఇంకో కిటికీకి మారుతుంది. కాబట్టి మీరు వెతకాల్సింది జనం లేని రోజుని మాత్రమే కాదు, ఆ రోజున ఎండ ఉన్న పూటని. ఈ రెండోది పర్యాటకులకు సలహాలిచ్చే పుస్తకాల్లో ఉండదు. 'ఉదయాన్నే వెళ్లండి లేదా మూసే ముందు వెళ్లండి' అంటాయవి. కోటలకూ మ్యూజియాలకూ అది సరిపోతుంది. అద్దాల చర్చికి సాయంత్రం పనికిరాదు, మరీ పొద్దున్నే కూడా అంత మంచిది కాదు. సూర్యుడు చెట్ల మీదికి రావాలి.

నాలుగు క్యాలెండర్లు

మన ఇళ్లలో గోడకు ఒక్క క్యాలెండరే ఉంటుంది. చర్చికి వెళ్లడానికి నాలుగు కావాలి. ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే, నాలుగింట్లోనూ ఖాళీగా ఉన్న గడి ఏదో తెలుస్తుంది.

మొదటిది చర్చి క్యాలెండరు. మెదక్ చర్చి దక్షిణ ఇండియా సంఘానిది, అదే సిఎస్ఐ. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆ సంఘం ఏర్పడింది. మెదక్ అధ్యక్ష మండలానికి ఇదే పెద్ద గుడి. వీళ్ల ఏడాది డిసెంబరు 25 చుట్టూ ఒకసారి, ఈస్టరు చుట్టూ ఒకసారి తిరుగుతుంది. క్రిస్మస్‌కు తేదీ మారదు. ఈస్టరుకు మాత్రం చంద్రుణ్ణి చూడాలి. మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే మొదటి పున్నమి పోయాక వచ్చే ఆదివారం ఈస్టరు. మన పండగల లెక్కలు తెలిసినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. 2026లో ఏప్రిల్ 5 అయింది, 2027లో మార్చి 28 అవుతుంది. దానికి ముందు శుక్రవారం గుడ్ ఫ్రైడే, అంతకు ముందు ఆదివారం మట్టల ఆదివారం. ఈ వారం రోజులూ సందర్శకుడు దూరంగా ఉండాలి. జనం ఉంటారని మాత్రమే కాదు, ఆ వారం ఆ గుడి దుఃఖంలో ఉంటుంది, అందుకు.

ఈస్టరుకు ముందు నలభై రోజులు శ్రమల దినాలు. భస్మ బుధవారంతో మొదలవుతాయి. ఆదివారాలు ఆ నలభైలో లెక్కకు రావు. ఈ రోజుల్లో క్రైస్తవ కుటుంబాలు సాధారణంగా పెళ్లిళ్లు పెట్టుకోవు. పేరున్న పాత చర్చిలో పెళ్లంటే మాటలా! పూలు కట్టే నిచ్చెనలు, వీడియో లైట్లు, బయట బ్యాండు మేళం. మీరు ఎంత మంచి రోజు చూసుకొని వెళ్లినా, ఒక్క పెళ్లి తగిలితే ఆ పూటకు అంతే. శ్రమల దినాల్లో ఆ బెడద తక్కువ. శుక్రవారాలు ప్రత్యేక కూడికలు ఉంటాయి, వాటిని వదిలేయండి.

రెండోది సర్కారు క్యాలెండరు. తెలంగాణలో క్రిస్మస్ మర్నాడు, డిసెంబరు 26 కూడా సాధారణ సెలవే. 'పండగ రోజు రద్దీ కదా, మర్నాడు వెళ్దాం' అని మీకు తోచిన ఆలోచన సెలవిచ్చిన ప్రతి ఇంట్లోనూ తోచింది. రెండో శనివారం, దసరా సెలవులు, కొత్త సంవత్సరం మొదటి రోజు, సోమవారమో శుక్రవారమో పడి మూడు రోజులు కలిసొచ్చే సెలవు, ఇవన్నీ మనల్ని ఊరించే తేదీలు. ఊరించేది మనల్ని ఒక్కరినే అయితే బాధ లేదు. మనకు సెలవు దొరికిన రోజు అందరికీ సెలవే. ఇంత చిన్న సంగతి బుర్రకెక్కడానికి నాకు ఒక క్రిస్మస్ పట్టింది. పిసినారితనంతో దాచుకున్న క్యాజువల్ లీవు ఒకటి తీసి మంగళవారం మీద పెట్టండి. పెట్రోలు, హోటలు, టోలు అన్నీ కలిపి పెట్టే ఖర్చుకు విలువ తెచ్చేది ఆ ఒక్క లీవే.

మూడోది బడి క్యాలెండరు. దీన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. నవంబరు నుంచి జనవరి దాకా బడి పిల్లల విహారయాత్రల కాలం. మామూలు బుధవారం నాడు కూడా పదకొండింటికి నాలుగు బస్సులు దిగాయంటే రెండు వందల మంది పిల్లలు. పిల్లల మీద నాకు ఫిర్యాదు లేదు, వాళ్లు చూడాలి, అరవాలి కూడా. వాళ్లు అరిచే పూట మీరు ధ్యానానికి వెళ్లకుండా ఉంటే సరి. మార్చి వచ్చేసరికి ఈ బస్సులు మాయమవుతాయి. పదో తరగతి పరీక్షలు, ఇంటరు పరీక్షలు, మార్చి నడిమికి ఒంటిపూట బడులు. పిల్లలున్న ఇళ్లలో ఆ నెల సినిమాకు వెళ్లడమే కష్టం, చర్చి చూడటానికి ఎవరు కదులుతారు!

నాలుగోది ఇరుగుపొరుగు క్యాలెండరు. మెదక్‌కు కాస్త దూరంలోనే ఏడుపాయల. మంజీర పాయలుగా చీలే చోట రాళ్ల మధ్య వనదుర్గ అమ్మవారు. మహాశివరాత్రికి అక్కడ మూడు రోజుల జాతర. చర్చికీ శివరాత్రికీ ఏం సంబంధం అనకండి. దారి ఒకటే, బస్సులు ఒకటే, తిండి దొరికే హోటళ్లు ఒకటే. పైగా మనవాళ్లకు దేవుళ్ల మధ్య గోడలు తక్కువ, అమ్మవారిని చూసినవాళ్లు దారిలో చర్చి కూడా చూసిపోతారు. మంచి అలవాటే, కాకపోతే ఆ మూడు రోజులూ మీరు రాకండి. కార్తీక మాసం ఆదివారాలదీ అదే కథ. పోచారం చెరువు వైపు వనభోజనాలకు వచ్చిన బళ్లన్నీ మధ్యాహ్నం తర్వాత ఇటు తిరుగుతాయి.

ఈ నాలుగూ పక్కపక్కన పెట్టుకొని చూస్తే నా తీర్పు ఇది. మార్చి మొదటి పదిహేను రోజుల్లో, శివరాత్రి జాతర అందులో పడితే దాన్ని తప్పించి, మంగళ, బుధ, గురువారాల్లో ఒకటి. చాలా ఏళ్లలో అప్పటికే శ్రమల దినాలు మొదలై ఉంటాయి కాబట్టి పెళ్లిళ్లు తక్కువ, పరీక్షలు కాబట్టి బడి బస్సులు లేవు, మబ్బు ఉండదు, ఎండ ఇంకా మాడ్చే దశకు రాదు. ఏప్రిల్, మే నెలల్లో కూడా జనం పలచబడతారు గానీ ఆ ఎండలో ఆ రాతి మెట్ల మీద వట్టి కాళ్లతో నిలబడి చూడండి, ఎందుకు పలచబడ్డారో తెలుస్తుంది. వానాకాలం నేను చెప్పనక్కర్లేదు, పెద్దాయన చెప్పేశాడు.

టిఫిన్‌కు ముందే

రోజు కుదిరింది, ఇక పూట. హైదరాబాదు నుంచి ఇంట్లో ఇడ్లీలు తిని బయలుదేరిన కారు పదకొండుకు ముందు మెదక్ చేరదు. వీళ్లే సందర్శకుల్లో ఎక్కువమంది. టిఫిన్‌కు ముందు బయలుదేరితే చాలు, వాళ్లందరికంటే రెండు గంటలు ముందుంటారు. ఆరింటికి ఇల్లు వదలండి. బాలానగర్ మీదుగా నర్సాపూర్ దారి పట్టండి. నర్సాపూర్ అడవి దాటేటప్పుడు రోడ్డు పక్కన కోతులు కూర్చొని ఉంటాయి, అరటిపళ్లు విసరడానికి ఆగకండి. కోతులకూ మేలు కాదు, మీ సమయానికీ మేలు కాదు. తొమ్మిదికి మెదక్‌లో టిఫిన్ చేయవచ్చు.

బస్సులో వెళ్లేవాళ్లకు సికింద్రాబాదు జేబీఎస్ ఉంది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేకుండా పోయాక ఆదివారాలు సీటు దొరకడం గొప్ప. మామూలు రోజు పొద్దున్నే అయితే నగరం నుంచి బయటికెళ్లే బస్సుల్లో అంత ఒత్తిడి ఉండదు. 2022 నుంచి అక్కన్నపేట మీదుగా మెదక్‌కు రైలు కూడా ఉంది. ఆ దారిలో రైళ్లు తక్కువ కాబట్టి, వచ్చే వేళా తిరిగి వెళ్లే వేళా రెండూ చూసుకొని ఎక్కండి.

ముందు రోజు సాయంత్రం చర్చి కార్యాలయానికి ఒక ఫోన్ చేయండి. తలుపులు ఎన్నింటికి తీస్తారు? రేపు పెళ్లి గానీ సభ గానీ సంతాప ఆరాధన గానీ ఉందా? లోపల మరమ్మతులేమైనా జరుగుతున్నాయా? వందేళ్లు దాటిన కట్టడాలకు మరమ్మతు ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది. పరంజా కట్టి పరదా వేసిన కిటికీని చూడటానికి లీవు ఖర్చు పెట్టుకోవడం కంటే అర నిమిషం ఫోను నయం. "వందనాలండీ" అని మొదలుపెడితే అవతలి గొంతు వెంటనే మెత్తబడుతుంది. పాస్టరు గారే ఎత్తితే "అయ్యగారూ" అనండి, అక్కడ అందరూ అలాగే అంటారు.

మూడోసారి నేను వెళ్లింది అలాంటి మార్చి మంగళవారమే. ఈసారి పాప లేదు, కాలేజీ పరీక్షలు. నేనూ మా ఆవిడా. తొమ్మిదింబావుకు లోపలికి అడుగు పెడితే మా అడుగుల చప్పుడు మాకే వినిపించింది. గబగబా బలిపీఠం దగ్గరికి పోవాలనిపిస్తుంది, పోకండి. వెనక బల్ల మీద కూర్చోండి. ఎండలోంచి వచ్చిన కళ్లు లోపలి చీకటికి అలవాటు పడాలి. పది నిమిషాలు ఊరికే కూర్చుంటే ముందు స్తంభాలు, తర్వాత కమానులు, ఆ తర్వాత పైకప్పు ఒక్కొక్కటిగా తేలతాయి. అప్పుడు నడవండి.

బలిపీఠం వెనక కిటికీలో క్రీస్తు ఆరోహణం. మబ్బుల మీద నిలబడ్డ ఒకాయన! పాప సరిగ్గానే చెప్పింది. చెరో పక్కా జననం, శిలువ. మూడూ ఫ్రాంక్ సాలిస్‌బరీ అనే ఇంగ్లీషు చిత్రకారుడివి. 1937లో ఆరో జార్జి పట్టాభిషేకాన్ని చిత్రించినవాడూ ఈయనే. మూడూ ఒక్కసారి వచ్చినవి కావు. ఆరోహణం 1927లో, జననం 1947లో, శిలువ 1958లో. మొదటి రెండూ బిగించినప్పుడు మెదక్ నిజాం రాజ్యంలో ఉంది, మూడోది వచ్చేసరికి ఆంధ్రప్రదేశ్‌లో ఉంది, నేను చూసేసరికి తెలంగాణలో ఉంది. మొదటి కిటికీ నాటికి యాభై దాటిన ఆ చిత్రకారుడు చివరిదాని నాటికి ఎనభై దాటాడు. ఒకదాని ముందు నిలబడి మరోదాన్ని తల తిప్పి చూస్తే, ఒకే చేతికి ముప్ఫై ఏళ్ల వయసు తేడా ఉంది. అది నాకు కనిపించిందని గట్టిగా చెప్పలేను గానీ దాని కోసం వెతుకుతూ అరగంట నిలబడగలిగాను. క్రిస్మస్ రోజున నాకు అక్కడ దొరికింది అర నిమిషం.

కనీసం రెండు గంటలు ఉండండి. మధ్యలో బయటికి వచ్చి గోపురం చుట్టూ తిరిగి, మళ్లీ లోపలికి వెళ్లండి. మొదట మసగ్గా ఉన్న కిటికీ రెండోసారికి వెలిగి ఉంటుంది. ఫోటోకు ముందు అడగండి, వద్దంటే ఫోను జేబులో పెట్టేయండి. ఎవరైనా మోకాళ్ల మీద ఉంటే వాళ్ల ముందు నుంచి నడవకండి. పదకొండున్నరకు మొదటి కార్ల తలుపుల చప్పుడు వినిపిస్తుంది. అది మీరు లేవాల్సిన వేళ. పొద్దు ఇంకా ఉంది కాబట్టి మెదక్ కోట ఎక్కవచ్చు, నీళ్లు తీసుకెళ్లండి. సాయంత్రం ఏడుపాయల పోవచ్చు.

డిసెంబరులోనే వచ్చేవాళ్లకు

ఈ మార్చి సలహా అందరికీ కుదరదని తెలుసు. అమెరికాలో, గల్ఫులో ఉన్న పిల్లలు ఇంటికొచ్చేదే డిసెంబరులో. వాళ్లకు నేను చెప్పేది, క్రిస్మస్ ముందు వారాన్నీ జనవరి మొదటి వారాన్నీ వదిలేసి, సంక్రాంతి దాటిన తర్వాత ఒక పని రోజు చూసుకోమని. తిరుగు టికెట్టు అప్పటికే ఉంటే డిసెంబరు మొదటి పక్షంలో పొద్దున్నే. అదీ కుదరక పండగ రోజుల్లోనే వెళ్లాల్సి వస్తే లోపలి అద్దాల మీద ఆశ పెట్టుకోకండి. చాప తీసుకెళ్లి చెట్టు కింద పరచండి, పులిహోర పొట్లాలు విప్పండి, పక్క సంసారంతో మాట కలపండి. మా అత్తగారు ఆ రోజు చేసింది అదే. మేం వరసలో నలుగుతున్నంతసేపూ ఆవిడ జహీరాబాదు నుంచి వచ్చిన ఒక కుటుంబంతో మాట్లాడుతూ, వాళ్లు పెట్టిన అన్నం తిన్నారు. మా నలుగురిలో ఆ రోజు సుఖపడింది ఆవిడొక్కరే.

ఈ నాలుగు క్యాలెండర్ల పద్ధతి మెదక్‌కే కాదు, ఎక్కడికైనా పట్టుకెళ్లవచ్చు. విజయవాడ గుణదల మాత కొండకు ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో తిరునాళ్లు. కొండ ప్రశాంతంగా కావాలంటే ఆ చుట్టుపక్కల వారం వదిలేయాలి. వేళాంగణ్ణికి ఆగస్టు 29న జెండా ఎక్కినప్పటి నుంచి సెప్టెంబరు 8 దాకా అడుగు పెట్టే చోటుండదు. పాత గోవాలో బామ్ జీసస్ బసిలికాకు డిసెంబరు 3న ఫ్రాన్సిస్ జేవియర్ పండగ, అంతకు ముందు తొమ్మిది రోజులూ ప్రార్థనలు. పదేళ్లకోసారి ఆయన భౌతికకాయాన్ని కిందికి దించి దర్శనానికి పెడతారు. 2024 నవంబరు నుంచి 2025 జనవరి దాకా అది అయిపోయింది కాబట్టి ఇప్పట్లో ఆ రద్దీ లేదు. రోములో సెయింట్ పీటర్స్ చూడాలంటే బుధవారం పొద్దున వద్దు, ముందున్న మైదానంలో పోపు గారి దర్శనం జరిగే రోజది. పారిస్ నోత్రదామ్ 2019లో కాలిపోయి 2024 డిసెంబరులో మళ్లీ తెరుచుకుంది. ప్రవేశం ఉచితం, ఆన్‌లైన్‌లో వేళ కేటాయించుకుంటే వరస తగ్గుతుంది. బార్సిలోనాలో సగ్రాద ఫమీలియాకు టికెట్ మీదే వేళ వేసి ఉంటుంది, గుమ్మం దగ్గరికి వెళ్లి కొందామంటే కుదరదు. డబ్బు తీసుకొని వేళ ఇచ్చే చర్చిల్లో మీ తెలివితో పెద్దగా పనిలేదు, ముందుగా కొనుక్కోవడమే తెలివి. మెదక్‌లాంటి తలుపులు తెరిచిన చర్చిల్లోనే క్యాలెండరు చదవడం వచ్చి ఉండాలి.

ఒక్క చిక్కుంది, అది కూడా చెప్పేస్తాను. మార్చిలో లీవు అడిగితే ఏ ఆఫీసులోనైనా ఇయర్ ఎండింగ్ అంటారు. అందుకని జనవరిలోనే కాగితం పెట్టండి. మంగళవారం ఇవ్వకపోతే బుధవారం అడగండి, గురువారమైనా సరే. శనివారం తీసుకొమ్మంటే మాత్రం ఒప్పుకోకండి.